మూడో గల్లీ నక్షా

పచారీ కొట్టులో బెల్లం చుట్టే దళసరి కాగితం ఒక్కటే దొరికింది. డోరా దాన్ని బల్ల మీద పరిచి అరచేత్తో ముడతలు నొక్కింది. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, మడతల వెంట స్కేలు పెట్టి చింపింది. నాలుగు ముక్కలయ్యాయి. నలుగురికి నాలుగు ఇచ్చింది.

పోలీసు యాక్షన్ అయి నెల కావస్తోంది. లాలాగూడ మిషన్ బడి మళ్లీ తెరిచి వారమైంది. నాలుగో తరగతి రిజిస్టరులో ముప్ఫై ఒక్క పేర్లు ఉన్నాయి. వస్తున్నది పదహారు మంది. భూగోళం పుస్తకాలు నాలుగు మిగిలాయి, వాటికీ అట్టలు లేవు. అందుకని డోరా పిల్లలను నాలుగు జట్లు చేసింది. జట్టుకు నలుగురు, నలుగురికి ఒక పుస్తకం. పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి తలా ఒక ముక్క ఇచ్చేది. ఎవరి ముక్క వాళ్లు నేర్చుకుని మిగతా ముగ్గురికీ చెప్పాలి. ఆమె ఎవర్నో ఒకర్ని లేపి అడుగుతుంది. ఆ ఒక్కరికి రాకపోతే నలుగురూ నిలబడాలి. జట్టులో దాచుకోవడం లేదు, అదీ నియమం.

ఈ సోమవారం పాఠం పటం గీయడం. మొదటి వంతు రైల్వే క్వార్టర్ల మూడో గల్లీ పిల్లలది. తుకారాం, సదాశివ, రోసమ్మ, చాంద్‌బీ. తమ ఇంటి చుట్టుపక్కల ఉన్నదంతా ఎవరి ముక్కలో వాళ్లు గీయాలి. తర్వాత నాలుగూ అతికించాలి. ఒక ముక్కలో బాట ఎక్కడ ఆగిందో పక్క ముక్కలో అక్కడే మొదలు కావాలి.

“టీచర్, నా బాట వచ్చి సదాశివ గోడకు గుద్దుకుంటున్నది,” అంది రోసమ్మ.

“గోడ సక్కగనే ఉన్నది. నీ బాటనే తాగినోడి లెక్క ఉరుకుతున్నది,” అన్నాడు సదాశివ.

“ఎవరిది వంకరో ఇక్కడ కూర్చుంటే తెలియదు. వెళ్లి అడుగులు కొలిచి రండి,” అంది డోరా.

నలుగురూ వెళ్లారు. గంట తర్వాత పోట్లాడుకుంటూ వచ్చారు. నీళ్ల నల్లా నుంచి చివరి ఇంటిదాకా తుకారాం అడుగుల్లో నూట అరవై, రోసమ్మ అడుగుల్లో రెండు వందల ముప్ఫై. తుకారాం దూకుతాడని రోసమ్మ, రోసమ్మ చీమలాగా నడుస్తుందని తుకారాం. చివరికి చాంద్‌బీ అడుగే కొలత అని నలుగురూ ఒప్పుకున్నారు. ఆమె దూకదు, ఆగదు. రెండు వందల పన్నెండు.

“ఇంకో మాట,” అంది డోరా. “మీలో ఒక్కొక్కరికి మాత్రమే తెలిసింది, మిగతా ముగ్గురికీ తెలియనిది, ఒకటి ఉంటుంది. అది మీ ముక్కలో పెట్టండి. పెట్టి, వాళ్లకు చెప్పండి.”

తుకారాం కుక్క ఈనిన చోటు పెట్టాడు. రోసమ్మ తమ చిలకను పాతిపెట్టిన చోట సిలువ గీసింది. సదాశివ తమ పెరటి గోడలో ఊడి వచ్చే ఇటుకలు గీశాడు. ఆ గోడకు అవతల పెరడు చాంద్‌బీ వాళ్లది. చాంద్‌బీ తన ముక్క మీద వంగి, ఎడమ చేయి అడ్డం పెట్టుకుని రాసింది. రాసి ముగ్గురి చెవుల్లోనూ చెప్పింది.

డోరా ఇంటి నుంచి తెచ్చిన మైదా బంకతో ముక్కలు అతికించారు. బంక ఆరాక ఆమె అతుకుల వెంట బొటనవేలి గోరు నడిపింది. బాట కలిసింది. మురుగు కాలువ కలిసింది. గోడ కలిసింది.

“శెభాష్. అంచులన్నీ కలిశాయి,” అంది.

తుకారాంను మిగతా మూడు జట్ల దగ్గరికి పంపి, ఎలా కొలిచారో చెప్పి రమ్మంది. పటాన్ని వరండా గోడకు నాలుగు మేకులతో కొట్టించింది. హెడ్మాస్టరు దేవసహాయం వచ్చి కళ్లజోడు పైకి నెట్టుకుని చూశారు. ఆయనకు పిల్లలు వరసల్లో కూర్చుంటేనే బడిలా ఉంటుంది.

“ఇది చదువా, ఆటా, డోరమ్మా?”

“రెండూ సార్.”

“ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు మాత్రం ఒకటే ఉండాలి,” అన్నారాయన.

మంగళవారం మధ్యాహ్నం పోలీసు అమీన్ వచ్చాడు. తన మనుషుల బసకు గదులు కావాలి, బడి చూడాలి అన్నాడు. దేవసహాయం ఆయన్ను గది గదికీ తిప్పారు. డోరా ఆ సమయంలో తరగతిలో ఎక్కాలు చెప్పిస్తోంది. గంట కొట్టాక బయటికి వచ్చి చూస్తే గోడ మీద మేకులు ఉన్నాయి, పటం లేదు.

“అమీన్ సాబ్ పట్టుకెళ్లారు,” అన్నారు దేవసహాయం. ఆయన గొంతులో సంతోషం ఉంది. “ఠాణాలో సుత ఇంత మంచి నక్షా లేదన్నారు. రేపు తిరిగిస్తారట. గదుల సంగతి కూడా ఆలోచిస్తానన్నారు.”

డోరా లోపలికి వెళ్లి పిల్లలకు ఆ మాట చెప్పింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది చాంద్‌బీ.

బుధవారం చాంద్‌బీ రాలేదు. మొదటి జట్టులో ముగ్గురు కూర్చున్నారు, నాలుగో చోటు వదిలి. డోరా అడిగితే ముగ్గురూ నేల చూశారు. జ్వరమేమో అనుకుంది.

పది గంటలకు అమీన్ వచ్చాడు. గుమ్మం దగ్గర బూట్లు దులుపుకుని, చుట్టిన కాగితం డోరా చేతికి ఇచ్చాడు.

“టీచరమ్మా, శుక్రియా. మీ పిలగాండ్ల నక్షా మస్తు పనికొచ్చింది.”

“దేనికండీ?”

“ఒకడు దొరికిండు. తెల్లారక ముందే పోయినం. సీదా పోయి తలుపు తీసినం, ఒక్క ఇల్లు సుత తప్పలేదు. అడుగులు సుత లెక్కనే ఉన్నయి.” ఆయన నవ్వాడు. “రాసింది చదివితే నవ్వాగలేదనుకో.”

డోరా కాగితం విప్పింది. చాంద్‌బీ ముక్కలో, ఇంటి వెనక, ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టి ఉంది. సున్నలో అగ్గిపెట్టెంత గది, గదిలో పడుకున్న మనిషి బొమ్మ. కింద చీమ తలలంత అక్షరాలు. ఆమె కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.

‘బొగ్గు కొట్టు. ఇక్కడ మా మామూ పండుకుంటడు. ఎవలకు చెప్పొద్దు.’

ఆమె మళ్లీ చదివింది. కాగితం ఒక అంచు చేతిలోంచి జారి తిరిగి చుట్టుకుపోయింది.

“ఎవరు ఆయన?”

“ఖాజావలి అంట. ఆ పిల్ల నాయిన నబీకి బామ్మర్ది. బీదర్ దిక్కు నుంచి వచ్చిండు.”

“రజాకారా?”

“అట్లనే ఉంటడు. లేకుంటే బొగ్గుల ఎందుకు పంటడు?” అమీన్ టోపీ సర్దుకున్నాడు. “అన్ని గల్లీలయి గీయించుండ్రి. ఇంటికెందరు, ఎవరెవరు, పేర్లతోని. కాగితం నేను పంపిస్త. మీ గదుల జోలికి రాను, పో.”

ఆయన వెళ్లాక డోరా తరగతిలోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. పదిహేను మంది చూస్తున్నారు. పాఠం ఎక్కడ ఆగిందో ఆమెకు గుర్తు రాలేదు. నాలుగో ఎక్కం రాయమంది. వాళ్లు రాశారు. మళ్లీ అదే రాయమంది. మళ్లీ రాశారు.

రైల్వే వర్క్‌షాపు సాయంత్రం కూత వేసే వేళకు ఆమె మూడో గల్లీలో ఉంది. మారేడ్‌పల్లిలోని తన ఇంటికి వెళ్లే దారి అది కాదు. నల్లా దగ్గర మొదలుపెట్టి తెలియకుండానే అడుగులు లెక్కపెట్టింది. నబీ ఇంటి ముందు ఆగింది.

నబీ ఠాణాకు వెళ్లాడు, పొద్దున వెళ్లినవాడు రాలేదు. అతని భార్య షంషున్నీసా పెరట్లో చేటలో బియ్యం ఏరుతోంది. బొగ్గు కొట్టు తలుపు ఒక బందు మీద వేలాడుతోంది. బొగ్గు వాకిలి దాకా చిమ్మి ఉంది, ఎవరూ ఎత్తలేదు.

“రాండ్రి టీచరమ్మా. కూసోండ్రి,” అని పీట వేసింది.

డోరా కూర్చోలేదు. పటం విప్పి చూపించింది. షంషున్నీసాకు చదువు రాదు. ఎర్ర సున్న కేసి, తలుపు కేసి, మళ్లీ సున్న కేసి చూసింది.

“ఇదేంది?”

“మీ ఇల్లు. బడిలో గీయించాను. మీకు మాత్రమే తెలిసింది రాయండి అన్నాను. చాంద్‌బీ రాసింది. గోడకు కొట్టించాను. అక్కడి నుంచి అమీన్ తీసుకున్నాడు.”

షంషున్నీసా చేతులు బియ్యంలో ఆగాయి.

“నా తమ్ముడు బట్టలకు రంగులేసుకునేటోడు. చేతులు మోచేతుల దాకా నీలం. తుపాకి ఎన్నడన్న పట్టుకున్నడో లేదో ఆ చేతులు చూస్తే తెల్వదా?” అంది. మళ్లీ తనే, “రాయమన్నరు. మంచిదే. రాసినంక చదవలేదా?”

“చదవలేదు.”

“మరేం చూసిన్రు?”

“అంచులు కలిశాయో లేదో చూశాను.”

షంషున్నీసా ఆమె ముఖం కేసి చూసింది. తిడుతుందనుకుంది డోరా. తిడితే బాగుండుననుకుంది. షంషున్నీసా ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

తలుపు చాటున చాంద్‌బీ ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

“జట్టుల దాచొద్దన్నరు గద టీచర్,” అంది. “ఆ ముగ్గురికే చెప్పిన. ఎవలకు చెప్పొద్దని సుత రాసిన.”

పక్కింట్లోంచి పళ్లెం చప్పుడైంది. గోడ అవతల సదాశివ తల్లి లచ్చమ్మ కొంగు కింద పళ్లెం పెట్టుకుని తమ బొగ్గు కొట్టులోకి వెళ్లి, ఖాళీ చేతులతో వచ్చి తలుపు మూసింది. డోరా చూసింది. చూసినదాని గురించి ఆలోచించలేదు.

“మీ తమ్ముడు ఒక్కడే వచ్చాడా ఊరి నుంచి?” అని అడిగింది.

“ఇంక ఇంటికి పోండ్రి టీచరమ్మా, పొద్దు గూకుతున్నది,” అంది షంషున్నీసా.

గురువారం కాగితం వచ్చింది. తెల్ల కాగితం, దళసరిది, పన్నెండు ఠావులు. తెరిచిన నాటి నుంచి రాత పుస్తకాలకు కూడా కాగితం లేని బడి అది. దేవసహాయం ఠావుల అంచులు బల్ల మీద తట్టి సమం చేశారు.

“నేను గీయించను సార్,” అంది డోరా.

“తెలుసు. నబీ బావమరిది సంగతి విన్నాను. రాత్రి అన్నం సహించలేదు నాకు.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “మూడు గదులున్నాయి మనకు. వాళ్లు దిగితే బడి లేదు. ఈ పదిహేను మందీ వర్క్‌షాపు గేటు దగ్గర బొగ్గు ఏరుకుంటారు. రెండిట్లో ఏది తప్పో మీరే చెప్పండి.”

“రెండూ.”

“రెండూ అనేవాళ్లకు హెడ్మాస్టరు పని ఇవ్వరమ్మా.”

ఆయనే తరగతిలోకి వచ్చి కాగితాలు పంచారు. జట్టుకు మూడు. ఎవరి గల్లీ వాళ్లు గీయాలని, ఇంటి నంబరు, ఇంట్లో ఎందరు, ఎవరెవరు అన్నీ రాయాలని బోర్డు మీద రాశారు. శుక్రవారం పన్నెండింటికి జవాను వస్తాడని చెప్పారు. డోరా వెనక గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన వెళ్లాక బోర్డు తుడిచింది.

“బాటలు, నల్లాలు, చెట్లు గీయండి. అంతే. ఇళ్లలో ఎవరున్నారో రాయొద్దు.”

పిల్లలు జట్టుకొక ఠావు నాలుగు ముక్కలు చేసుకున్నారు. మొదటి జట్టులో నాలుగో ముక్క కొంతసేపు ఖాళీగా ఉంది. తర్వాత ముగ్గురూ వంతులవారీగా గీశారు. విరామంలో తుకారాం ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు వెళ్లి వంగి ఏదో చెప్పి రావడం డోరా కిటికీలోంచి చూసింది. సోమవారం తనే పంపింది అలా.

శుక్రవారం పొద్దున నాలుగు పటాలు ఆమె బల్ల మీద ఉన్నాయి. బంక ఆరింది. డోరా చేయి అలవాటుగా అతుకు మీదికి పోయింది. గోరు ఆనకముందే వెనక్కి తీసుకుంది. మధ్యలోంచి చదవడం మొదలుపెట్టింది.

ఒకటో గల్లీ, మొదటి ఇల్లు, బొగ్గు కొట్టు. పడుకున్న మనిషి బొమ్మ. ‘ఇక్కడ మా మామూ పండుకుంటడు.’ రెండో ఇల్లు, బొగ్గు కొట్టు. ‘ఇక్కడ మా మామూ పండుకుంటడు.’ మూడో ఇల్లు. నాలుగో ఇల్లు. అక్షరాలు వేరు, మాట అదే. ఆమె కాగితం తిప్పింది. రెండో గల్లీలోనూ అంతే. పాస్టరు గారి కట్టెల కొట్టులో ఒకడు. గార్డు బాబు కోళ్ల గూట్లో ఒకడు, కాళ్లు బయటికి. మూలన బడి మరుగుదొడ్డి కూడా ఉంది. ‘బడి సండాస్. ఇక్కడ సుత ఒక మామూ.’

నలభై మూడు దాకా లెక్కపెట్టి ఆపింది.

“తుకారాం. ఏమిటిది?”

తుకారాం లేచాడు. అతనితో రోసమ్మ, సదాశివ లేచారు. నియమం అది.

“అంచులు కలవాలె గద టీచర్,” అన్నాడు తుకారాం. “చాంద్‌బీ ముక్కల మనిషున్నడు. మా ముక్కలల్ల లేకుంటే ఎట్ల కలుస్తది?”

“అన్నిట్ల ఉంటే ఏది నిజమో అమీన్ సాబ్‌కు తెల్వదు,” అంది రోసమ్మ.

“తెలియకపోతే ఊరుకుంటాడా? అన్ని తలుపులూ తీసి చూస్తాడు.”

“చూడనీ. బొగ్గే ఉంటది గద. మొకం నల్లగైతది,” అన్నాడు తుకారాం. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

సదాశివ నవ్వలేదు. తన పాదం కేసి చూస్తున్నాడు.

“సదాశివా?”

“మా కొట్ల ఉన్నది టీచర్.”

“ఏముంది?”

“మామూ పెండ్లాం. పోలీసులు వచ్చిన్నాడు గోడ ఇటుకలు తీసి మా అమ్మ ఇవతలికి గుంజుకున్నది. మాట్లాడదామె. రొట్టె పెడితే తింటది.”

డోరాకు బుధవారం నాటి పళ్లెం గుర్తొచ్చింది. కొంగు కింద పళ్లెం, ఖాళీ చేతులు, మూసిన తలుపు. తన కళ్ల ముందే.

తరగతిలో నవ్వు ఆగిపోయింది. రెండో జట్టులో ఒక పిల్ల చేయి ఎత్తింది. గార్డు బాబు కూతురు. కిటికీ పక్కన ఇంకో చేయి లేచింది. నాలుగో జట్టులో ఒక పిల్లవాడు పక్కవాడి కేసి చూసి సగం ఎత్తాడు.

“దించండి,” అంది డోరా. “చేతులు దించండి. అందరూ.”

ఎన్ని చేతులో ఆమె లెక్కపెట్టలేదు.

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. ఆమె తలుపు దగ్గరగా వేసింది. అలమరలోంచి బంక గిన్నె, కత్తెర తీసింది. భూగోళం పుస్తకాలు నాలుగూ తెచ్చి జట్టుకు ఒకటి ముందు పెట్టింది.

“వీటికి అట్టలు లేవు. ఇవాళ వేస్తున్నాం,” అంది. “జట్టులో ఒకరు బంక రాయండి. ఒకరు మడవండి. ఒకరు గుడ్డతో నొక్కండి. ఒకరు పుస్తకం పట్టుకోండి. బొమ్మ లోపలికి పోవాలి.”

ముందు తను చేసి చూపించింది. మూడో గల్లీ పటం మీద బంక పూసి, ఎర్ర సున్న ఉన్న పాత పటాన్ని దాని మీద బోర్లా పడుకోబెట్టింది. రెంటినీ కలిపి మధ్యకు మడిచింది. గుడ్డ ఉండతో లోపలి నుంచి బయటికి నొక్కింది, గాలి బుడగ మిగలకుండా. పుస్తకం కొలతకు కత్తిరించి రెండట్టలు చేసింది. పైన మిగిలిన తెల్ల ఠావు అతికించింది. వీపుకు తన చేతిరుమాలు చింపి వేసింది. తర్వాత బంక గిన్నె ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు తిరిగింది. కత్తిరించి పారేసిన ముక్కల్ని రోసమ్మ ఒక్కోటీ ఏరి గిన్నెలోని బంకలో ముంచి పిసికింది.

పన్నెండుకు పది నిమిషాలుండగా దేవసహాయం వచ్చారు.

“ఏవమ్మా నక్షాలు?”

“కాగితం అట్టలకు అయిపోయింది సార్.”

“పన్నెండు ఠావులూనా?”

“పన్నెండూ.”

ఆయన బల్ల మీది పుస్తకం ఒకటి తీశారు. తడిగా, బరువుగా ఉంది. అట్ట కత్తిరించిన అంచున, రెండు పొరల మధ్య, పెన్సిలు గీత కనిపిస్తోంది. ఒక బొమ్మ తల, కత్తెరకు తెగి, సగం. పక్కన రెండక్షరాలు. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని ఆ అంచు కేసి చూశారు. పిల్లల కేసి చూశారు. పదిహేను మంది చేతులకూ బంక ఉంది.

గేటు దగ్గర సైకిలు గంట మోగింది.

డోరా నిలబడి ఉంది. రాజీనామా ఏ మాటలతో రాయాలో అనుకుంటోంది.

“మైదా అట్టలు,” అన్నారు దేవసహాయం. “ఎండలో పెట్టకండి, వంకర పోతాయి. బరువు కింద ఆరాలి.”

నాలుగు పుస్తకాలూ ఒకదాని మీద ఒకటి పేర్చారు. మూలలు వేళ్లతో సమం చేశారు. తన చంకలోని హాజరు పట్టీలు వాటి మీద పెట్టారు. చాలదనిపించినట్టుంది, గుమ్మం పక్కనున్న ఇత్తడి గంట తెచ్చి ఆ పైన పెట్టారు. తర్వాత బయటికి వెళ్లారు.

ఆయన గొంతు వరండాలోంచి వినిపించింది.

“పిల్లలు కాగితం పాడు చేశారు బాబూ. లేదు, ఒక్కటీ లేదు. అమీన్ సాబ్‌కు నా సలాం చెప్పు. గదులు ఎప్పుడు ఖాళీ చేయమంటారో అడుగు.”

సోమవారం నాలుగో తరగతి చర్చి వరండాలో కూర్చుంది. బడి గదుల్లోంచి పోలీసుల వంట పొగ వస్తోంది. ఖాజావలి ఇంకా ఠాణాలోనే ఉన్నాడు. నబీ వర్క్‌షాపు మానుకుని రోజూ పోయి గేటు బయట కూర్చుంటున్నాడు.

డోరా వస్తున్న పిల్లల హాజరు పిలిచింది. పదిహేనో పేరు దగ్గర మెట్ల మీద చప్పుడైంది. చాంద్‌బీ వచ్చి మొదటి జట్టులో తన చోట కూర్చుంది. తుకారాం జరిగాడు. రోసమ్మ భూగోళం పుస్తకం ఆమె ఒడిలో పెట్టి చెవిలో ఏదో చెప్పింది.

చాంద్‌బీ అట్ట మీద వేలు పెట్టి నొక్కింది.

“గట్టిగున్నది,” అంది.

“మస్తు,” అన్నాడు సదాశివ.

ఆమె పుస్తకం తెరవలేదు. రెండు చేతులూ అట్ట మీద పెట్టుకుని కూర్చుంది. డోరా పదహారో పేరు, చాంద్‌బీది, పిలిచింది.